అన్నానికి కొలత, నడుముకు టేపు



షుగరు ఉన్నవాళ్లు తిండి మార్చుకుని బరువును అదుపులో ఉంచుకోవడం ఎలా అన్నది ఈ రోజు మన విషయం. హైదరాబాదు వాళ్లకి ఈ విషయం మరీ దగ్గరిది. 2000లో దేశంలోని ఆరు పెద్ద నగరాల్లో షుగరు మీద ఒక సర్వే జరిగింది. చెన్నై, బెంగళూరు, కలకత్తా, ఢిల్లీ, ముంబై, హైదరాబాదు. ఆరింటిలోనూ షుగరు ఎక్కువమందికి ఉన్నది మన ఊళ్లోనే. ఇరవయ్యేళ్లు దాటినవాళ్లలో ముంబైలో 9.3 శాతం మందికి ఉంటే, ఇక్కడ 16.6 శాతం. ఆ తర్వాత దేశమంతా చేసిన మరో పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన ఆ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. షుగరు అంచున ఉన్నవాళ్లు ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది. అంటే ఈ మాటలు వింటున్న ఇళ్లలో షుగరు బిళ్లల డబ్బా లేని ఇల్లు తక్కువే ఉంటుంది.

ఆహార సలహాలు చెప్పడం నా వృత్తి. పంజాగుట్ట, అమీర్‌పేట, బంజారా హిల్స్ చుట్టుపక్కల నుంచి వచ్చేవాళ్లతోనే నా రోజు గడుస్తుంది. వచ్చి కూర్చోగానే చాలామంది అనే మొదటి మాట ఒకటే: "అన్నం మానెయ్యాలా అమ్మా?" వాళ్ల గొంతులో భయం ఉంటుంది. పుట్టినప్పటి నుంచి తిన్న అన్నాన్ని ఎవరో లాగేసుకుంటున్నట్టు బాధ పడతారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. అన్నం మానక్కర్లేదు. కంచంలో అన్నానికి ఇచ్చే చోటు మార్చాలి. మార్చిన చోటు ఏళ్ల తరబడి నిలవాలి. నెల రోజులు చేసి వదిలేసే పథ్యం వల్ల షుగరుకూ మేలు లేదు, బరువుకూ లేదు.

ముందు బరువుకీ షుగరుకీ ఉన్న సంబంధం చూద్దాం. మనం తిన్నదాంట్లో ఖర్చుకాని శక్తి కొవ్వుగా మారుతుంది. ఆ కొవ్వు చర్మం కింద ఉన్నంతవరకు పెద్ద హాని చెయ్యదు. అక్కడ చోటు చాలనప్పుడు కడుపులోకి చేరుతుంది. కాలేయంలో పేరుకుంటుంది. ఇన్సులిన్ తయారుచేసే క్లోమ గ్రంథిలోకీ వెళుతుంది. కాలేయంలో కొవ్వు పెరిగితే అది ఇన్సులిన్ మాట వినదు. రాత్రంతా చక్కెరను తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పరగడుపున షుగరు ఎక్కువ ఎందుకుందని చాలామంది అడుగుతారు. కారణం చాలావరకు ఇదే.

మన భారతీయుల విషయంలో ఇంకో చిక్కుంది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ సమానమే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లండు డాక్టరుకి 9.1 శాతం, మన డాక్టరుకి 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. "మా ఆయన బక్కపల్చగానే ఉంటారు, ఆయనకి షుగరెలా వచ్చింది?" అని అడిగే ఇల్లాలికి ఆ ఫొటోయే జవాబు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులు మన వీధుల్లో ఎంతమందో.

అందుకే మనకు బరువు హద్దులు వేరుగా పెట్టారు. పాశ్చాత్యులకి బీఎంఐ 25 దాటితే అధిక బరువు. మనకి 23 దాటితేనే. లెక్కలో చెప్పాలంటే, అయిదడుగుల అయిదంగుళాల మనిషి 62, 63 కిలోల లోపు ఉండాలి. అయిదడుగుల ఒక అంగుళం ఉన్న ఆమె 55 కిలోల దగ్గర ఉండాలి. దీనికంటే సులువైన కొలత ఇంకోటి మీ ఇంట్లోనే ఉంది. దర్జీ టేపు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి బిగించకుండా చుట్టి చూడండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు దాటకూడదు. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. బరువు చూసే యంత్రం రోజుకో అంకె చూపించి కంగారు పెడుతుంది. టేపు నెలకోసారి చుట్టినా నిజం చెబుతుంది.

ఇక కంచం దగ్గరికి వద్దాం. మన భోజనాన్ని ఒక్కసారి దగ్గరగా చూడండి. ముందు పప్పు వస్తుంది. దాంట్లోకి అన్నం. తర్వాత కూర. దాంట్లోకి ఇంకాస్త అన్నం. చారో పులుసో పోస్తే అది జారిపోకుండా మళ్ళీ అన్నం. చివరికి పెరుగు. పెరుగన్నం తినకపోతే భోంచేసినట్టే ఉండదు కాబట్టి అప్పుడూ అన్నం. రోటీ తినేవాళ్లు రోటీలు లెక్కపెట్టుకుంటారు. మనకి అన్నం నాలుగు విడతలుగా వస్తుంది కనుక ఎంత తిన్నామో మనకే తెలియదు. విడతకి 100 గ్రాముల చొప్పున వేసుకున్నా నాలుగు వందల గ్రాములు. అందులో పిండిపదార్థమే దాదాపు 110 గ్రాములు, కేలరీలు అయిదు వందల పైన. ఆ నాలుగు విడతల్లో కూర ఎంత వేసుకున్నాం? గరిటెడు. అన్నం కలపడానికి సరిపోయేంత. అమీర్‌పేటలో కోచింగ్ కోసం వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లల పళ్ళాలు చూడండి. గుట్టగా అన్నం, దానిమీద సాంబారు, ఒక మూల రెండు చెంచాల కూర. ఇరవై రెండేళ్ల వయసులో ఆ పళ్ళెం ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. అదే పళ్ళెం, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, పదిహేనేళ్లు కలిస్తే నడుము దగ్గర తెలుస్తుంది.

కాబట్టి నేను చెప్పే మొదటి పని ఇది. భోజనానికి కూర్చోగానే, మొత్తం పూటకి కావలసిన అన్నం ఒక్కసారే కొలిచి పెట్టుకోండి. మామూలు మనిషికి చదునుగా నింపిన ఒక కప్పు, అంటే 150 గ్రాముల వండిన అన్నం, రెండు వందల కేలరీల లోపు. కాయకష్టం చేసేవాళ్లకి ఇంకాస్త కావాలి. ఆ కప్పునే పప్పుకీ, కూరకీ, పెరుగుకీ పంచుకోవాలి. అన్నం గిన్నె బల్లమీద పెట్టుకోకుండా వంటింట్లోనే వదిలేయండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. దానికోసం అన్నం అక్కర్లేదు.

రెండో పని, వరస మార్చడం. ముందుగా కూర. దోసకాయో, క్యారెట్టో, ముల్లంగో పచ్చివి నాలుగు ముక్కలు. ఒక గిన్నెడు బీరకాయో, దొండకాయో, తోటకూరో అన్నం లేకుండా తినండి. తర్వాత పప్పు, గుడ్డు, చేప, చికెన్ ఏదుంటే అది. అన్నం ఆఖరున. కూరలోని పీచు, పప్పులోని మాంసకృత్తులు ముందు లోపలికి వెళితే అన్నం మెల్లగా అరుగుతుంది. భోజనం తర్వాత షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. కడుపు నిండిన సంగతి మెదడుకి చేరేసరికి అన్నం మీద ధ్యాస కూడా తగ్గుతుంది. మొదట వారం రోజులు ఏదో వెలితిగా ఉంటుంది. తర్వాత నాలుకే అలవాటు పడుతుంది.

ఏ బియ్యం మంచిదని తప్పకుండా అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు మన నగరంలోనే తయారైంది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తెలంగాణ సోనా అనే సన్న రకాన్ని రూపొందించింది. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని రైతులు పిలిచేది అదే. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి మనందరికీ ఇష్టమైన సాంబ మసూరిని మెరుగుపరిచి, 2008లో విడుదల చేశాయి. తిన్న తిండి ఎంత వేగంగా రక్తంలో చక్కెరగా మారుతుందో చెప్పే కొలత గ్లైసీమిక్ ఇండెక్స్. గ్లూకోజుకి అది 100. యాభై అయిదు లోపు ఉంటే తక్కువ కింద లెక్క. ఈ రెండు బియ్యాలకీ అది 51 దగ్గర ఉంటుందని పరీక్షల్లో తేలింది. మామూలు పాలిష్ బియ్యంలో చాలా రకాలకి ఇంతకన్నా బాగా ఎక్కువ. మన శాస్త్రవేత్తలు మన నాలుకని, మన రోగాన్ని రెండింటినీ మనసులో పెట్టుకుని చేసిన పని ఇది. దొరికితే తప్పకుండా వాడండి.

అయితే ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఈ బియ్యం మెల్లగా అరుగుతుందే గానీ, దాంట్లో పిండిపదార్థం తక్కువేమీ కాదు. ఏ బియ్యమైనా, వండకముందు, వంద గ్రాముల్లో దాదాపు 75 గ్రాములు అదే ఉంటుంది, కేలరీలు 350 దాకా వస్తాయి. "షుగరు బియ్యమే కదా" అని రెండు కప్పులు తింటే, మామూలు బియ్యం ఒక కప్పు తిన్నవాళ్ల కంటే నష్టపోతారు. దంపుడు బియ్యానికీ ఇదే మాట. చిరుధాన్యాలకీ ఇదే మాట.

చిరుధాన్యాల మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్లూ ఇతరులూ కలిసి, అంతకుముందు జరిగిన 80 అధ్యయనాలను పరిశీలించి 2021లో ఒక సమీక్ష ప్రచురించారు. చిరుధాన్యాలు క్రమంగా తిన్న షుగరు మనుషుల్లో పరగడుపు షుగరు 12 శాతం, తిన్న తర్వాతి షుగరు 15 శాతం తగ్గాయని అందులో తేలింది. మన జొన్నరొట్టె, కొర్రన్నం, సజ్జరొట్టె తాతముత్తాతల కాలం నుంచి ఉన్నవే. రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు గోరుచిక్కుడు కూర, కప్పు పెరుగు రాత్రి భోజనానికి చక్కగా సరిపోతాయి. కానీ అదే రాగిని మెత్తటి పిండి చేసి, పల్చటి జావ కాచి, బెల్లం వేసుకుని తాగితే అది తొందరగా రక్తంలోకి చేరిపోతుంది. ధాన్యం ఎంత ముతకగా, ఎంత గట్టిగా ఉంటే అంత నిదానంగా అరుగుతుందని గుర్తుంచుకోండి. నమిలి తినే రూపం మేలు, తాగే రూపం తక్కువ మేలు.

పొద్దుటి పూట సంగతి చూద్దాం. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ మధ్యన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉంది. తెల్లారుజామున అక్కడికి నడవడానికి వచ్చే జనాన్ని చూస్తే సంతోషం కలుగుతుంది. వయసు మళ్ళినవాళ్లు, చేతికర్రతో వచ్చేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి నా నమస్కారాలు. ఒక లెక్క మాత్రం చెబుతాను. అరవై అయిదు, డెబ్బై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది నూట ఇరవై నుంచి నూట యాభై కేలరీలు. బయటికి వచ్చి రెండు గారెలు, ఒక చక్కెర చాయ్ తీసుకుంటే నడిచినదానికంటే ఎక్కువే తిరిగి వచ్చేస్తుంది. నడక వల్ల కండరాలు చక్కెరను వాడుకోవడం నేర్చుకుంటాయి, గుండెకి బలం వస్తుంది. దాన్ని ఎప్పుడూ మానకండి. బరువు తగ్గే పని మాత్రం ముఖ్యంగా కంచం దగ్గరే జరగాలి. భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు ఇంటి ముందో, మేడ మీదో నడిచినా షుగరు మీద తేడా కనిపిస్తుంది.

టిఫిన్లలో మనకు బంగారం లాంటిది పెసరట్టు. పొట్టు పెసలు నానబెట్టి రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి వేసి, పల్చగా నూనె రాసి కాల్చుకుంటే మాంసకృత్తులూ పీచూ రెండూ దొరుకుతాయి. లోపల ఉప్మా పెట్టించుకోవడం మాత్రం మానాలి. ఇడ్లీ తినేవాళ్లు రెంటితో ఆపి, గిన్నెడు కూరగాయల సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు చేర్చుకోండి. పూరీ, మైసూరు బజ్జీ, బోండా నెలకొకసారి చాలు. చాయ్ విషయం కూడా లెక్కలో పెట్టాలి. కప్పుకి రెండు చెంచాల పంచదార, రోజుకి నాలుగు చాయ్‌లంటే 40 గ్రాముల పంచదార. రోజుకి 160 కేలరీలు, ఏ ఆకలీ తీర్చకుండా. ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్ మన ఊరి సరదా. స్నేహితులతో ఎప్పుడో ఒకసారి తాగండి. ఆఫీసులో రోజూ తాగే నాలుగూ మాత్రం పంచదార లేకుండానే తాగండి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చింది. దేశమంతటికీ ఏం తినాలో చెప్పే సంస్థ మన ఊళ్లో ఉండటం అదృష్టం. 2024 మేలో ఆ సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి 2000 కేలరీల రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు అని చెప్పింది. బరువు తగ్గాల్సినవాళ్లు ధాన్యం, నూనె ఇంకా తగ్గించుకోవాలి. కూరగాయలు మాత్రం తగ్గించకూడదు. నాలుగు వందల గ్రాములంటే మనిషికి రోజుకి దాదాపు అరకిలో లెక్కన కొనాలి. నలుగురున్న ఇంట్లో వారానికి పద్నాలుగు కిలోల దాకా కావాలి. మీరు ఎన్ని కిలోలు కొంటున్నారో ఈ వారం చూసుకోండి. ఎర్రగడ్డ రైతు బజారుకి వారానికొకసారి పెద్ద సంచితో వెళ్లి రండి. బంగాళాదుంప, చామ, కంద కూరల కింద లెక్కకి రావు. వాటిని అన్నం పక్షాన వేసుకోవాలి. అవి వండిన రోజు అన్నం సగం చెయ్యండి.

మాంసకృత్తుల మీద మనకి శ్రద్ధ తక్కువ. పప్పుచారులో పప్పు వెతుక్కోవాలి. బరువు తగ్గేటప్పుడు మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. తిన్న చక్కెరలో ఎక్కువ భాగాన్ని వాడుకునేది కండే కాబట్టి, కండ పోతే షుగరు అదుపు ఇంకా కష్టమవుతుంది. ప్రతి పూటా గట్టి ముద్దపప్పో, శనగలో, గుడ్లో, చేపో, మీల్ మేకరో ఏదో ఒకటి ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మెంతుల గురించి కూడా అడుగుతుంటారు. మెంతుల్లోని పీచు షుగరును తగ్గిస్తుందని జాతీయ పోషకాహార సంస్థలోనే 1980లలో, 1990లలో పరిశోధనలు జరిగాయి. కానీ అక్కడ వాడింది పదుల గ్రాముల్లో. పోపులో వేసే చిటికెడు రుచికి పనికొస్తుంది, వైద్యానికి చాలదు. ఏ ఒక్క గింజా, ఏ ఒక్క ఆకూ, ఏ కషాయమూ కంచం మార్చకుండా షుగరును దారికి తేలేవు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఆహారంతో షుగరును అదుపు చెయ్యాలన్న ఆలోచన ఊరూరా చేరింది. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే లేని వంటను ప్రచారం చేశారు. ఖాదర్ వలీ గారు సిరిధాన్యాల గురించి చెబుతూ తిరిగారు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వీరమాచనేని రామకృష్ణ గారు కొవ్వు ప్రధానంగా, పిండిపదార్థం దాదాపు లేకుండా తినమన్నారు. అమీర్‌పేట పక్కన ప్రకృతి చికిత్సాలయం దశాబ్దాలుగా ఉంది. ఎంఎంటీఎస్ స్టేషన్‌కి కూడా దాని పేరే పెట్టారు. ఈ దారులు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. కానీ పాటించిన ఇళ్లలో ఏం మారిందో చూస్తే ఒకటే. తెల్లన్నం కుప్ప తగ్గింది, పంచదార పోయింది, మైదా పోయింది, రాత్రి ఆలస్యంగా తినడం తగ్గింది. మేలు చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. ఆ నాలుగూ మీరు ఏ పేరూ పెట్టుకోకుండా మీ ఇంటి వంటతోనే చెయ్యవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పథ్యం మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకి చెప్పండి. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి బిళ్లలు వాడేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. అప్పుడు షుగరు 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవాళ్లు పిండిపదార్థం పూర్తిగా మానే పథ్యాల జోలికి వెళ్లకూడదు. రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 షుగరుకి ఇన్సులిన్ తప్పనిసరి. ఎంత మంచి పథ్యమైనా దాని బదులు పనికిరాదు. మాటలు విని బిడ్డకి ఇన్సులిన్ ఆపకండి.

ఆరోగ్యమైన బరువంటే తగ్గడమే అనుకోవడం కూడా పొరపాటే. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో ప్రపంచంలో మొదటిసారి ఇన్సులిన్ సూది వేయించుకున్న లియోనార్డ్ థాంప్సన్‌కి పద్నాలుగేళ్లు. బరువు 30 కిలోలు కూడా లేదు. అంతవరకు వైద్యులకు తెలిసిన ఉపాయం తిండి కట్టెయ్యడమే. షుగరు అదుపు తప్పితే తిన్నది మూత్రంలో పోతుంది, మనిషి కరిగిపోతాడు. కాబట్టి ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి. వెంటనే పరీక్ష చేయించుకోండి. అలాగే డెబ్బై ఏళ్లు దాటిన పెద్దవాళ్లని బరువు తగ్గమని వేధించకండి. వాళ్లకి కండ నిలవడం, కింద పడకుండా ఉండటం ముఖ్యం. అమ్మమ్మ చేతిలోంచి అరటిపండు లాక్కునే ముందు ఆమె పొద్దున్నుంచి గుడ్డు తిన్నదా, పప్పు తిన్నదా అని అడగండి.

మరి తగ్గాల్సినవాళ్లు ఎంత తగ్గాలి? మొదటి గమ్యం ఇప్పుడున్న బరువులో అయిదు నుంచి ఏడు శాతం. ఎనభై కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా షుగరు లెక్కల్లో తేడా వస్తుంది. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో షుగరు అంచున ఉన్నవాళ్లు ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నారు. వాళ్లలో షుగరు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. చెన్నైలో జరిగి 2006లో ప్రచురితమైన అధ్యయనంలో తిండీ నడకా మార్చుకున్నవాళ్లకి బరువు పెద్దగా తగ్గకపోయినా ముప్పు 28 శాతం పైగా తగ్గింది. అంటే అంకె కదలకపోయినా లోపల మేలు జరుగుతూ ఉండవచ్చు. 2017లో బ్రిటన్‌లో ఇంకో అధ్యయనం వచ్చింది. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకి, వైద్యుల పర్యవేక్షణలో, కొన్ని నెలల పాటు రోజుకి దాదాపు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చారు. ఏడాదికి దాదాపు సగం మంది బిళ్లల అవసరం లేకుండా మామూలు స్థితికి వచ్చారు. పదిహేను కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం మంది వచ్చారు. షుగరు ఒకసారి వస్తే ఇక పోదన్న నిరాశను ఆ ఫలితం చెరిపేసింది. బరువు తిరిగి పెరిగినవాళ్లకి షుగరూ తిరిగి వచ్చిందన్నది కూడా అంతే నిజం. అలాంటి కఠినమైన పద్ధతి ఇంట్లో సొంతంగా చెయ్యకండి.

ఇప్పుడు బరువు తగ్గించే సూదులు కూడా వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అవి బాగా పనిచేసే మందులే. ఎవరికి అవసరమో డాక్టరు నిర్ణయిస్తారు. అవి ఆకలిని తగ్గిస్తాయి. ఆ తగ్గిన ఆకలిలో ఏం తినాలన్నది మళ్ళీ మన వంటింటి ప్రశ్నే. తినే నాలుగు ముద్దలూ చారన్నమే అయితే కండ పోతుంది. సూది ఆపితే బరువు తిరిగి వస్తుంది. కాబట్టి సూది వాడేవాళ్లకీ, వాడనివాళ్లకీ కంచం సలహా ఒకటే.

ఇంకొక్క మాట, ఇంట్లోవాళ్లకి. షుగరు ఉన్న ఒక్కరికోసం వేరే గిన్నెలో చప్పిడి కూర వండి, మిగతావాళ్లు వేపుళ్లు తింటుంటే ఆ పథ్యం నిలవదు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఉండాలి. షుగరు తండ్రికి ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం ఎక్కువ. తండ్రి కంచం మార్చితే కొడుకు కంచం కూడా మారినట్టే. ఇంటి ఇల్లాలికి ప్రత్యేకంగా చెబుతున్నాను. అందరూ తిన్నాక, కూర అడుగంటిన గిన్నెలో అన్నం కలుపుకుని తినడం చాలా ఇళ్లలో చూస్తాం. పారెయ్యడం ఇష్టంలేక మిగిలిన అన్నం కూడా తినేస్తారు. అమ్మా, నీ వాటా కూర ముందే తీసి పక్కన పెట్టుకో. నీ ఒంట్లో షుగరు పెరిగితే ఇంట్లో అందరి కంచాలూ గాడి తప్పుతాయి.

పండగలు మనవే. సంక్రాంతికి ఒక అరిసె, వేసవిలో సగం బంగినపల్లి మామిడి, రంజాన్‌లో చిన్న గిన్నెడు హలీం తినండి. తిన్న పూట అన్నం తగ్గించండి. బిర్యానీ తినాల్సి వస్తే ముక్కలు ముందు, రైతాలో ఉల్లి, కీర దండిగా, అన్నం మీ కప్పు కొలతకే. పళ్ళ రసం మాత్రం వద్దు. పండు నమిలి తినండి.

చివరగా, ఈ వారం మీరు చెయ్యాల్సినవి చెబుతాను. నడుముకి టేపు చుట్టి ఆ అంకె క్యాలెండరు మీద రాయండి. మూడు నెలల షుగరు పరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకోండి. షుగరు కంటినీ దెబ్బతీస్తుంది కాబట్టి, ఏడాదిగా కంటి వెనక పొర చూపించుకోకపోతే చూపించుకోండి. బంజారా హిల్స్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మీకు దగ్గర్లో ఏ మంచి కంటి వైద్యులున్నా సరే. రేపు మధ్యాహ్నం అన్నం ఒక్కసారే కొలిచి పెట్టుకోండి, కూర ముందు తినండి. ఈ రెండూ మూడు నెలలు వదలకుండా చెయ్యండి. అప్పుడు మళ్ళీ టేపు తీసుకోండి, మళ్ళీ రక్తపరీక్ష చేయించండి. అంకెలు మారితే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి బిళ్లలు తగ్గించవచ్చేమో అడగండి. మారకపోతే సిగ్గుపడకుండా వెళ్లి ఏం తింటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. దారి అక్కడి నుంచి ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు.